సంత్రలు అగ్గువైనయి

బర్మింగ్‌హామ్
11 అక్టోబర్ 1964

మంచిర్యాల స్టేషను ముందట గంప పెట్టుకొని కూసునే మా చిన్నమ్మ మగ్దలేనమ్మకు, నీ ఎలీసబెతు వందనాలు.

ఓడ దిగి నెల దాటింది. పాణం మంచిగనే ఉన్నది గని నోరు చచ్చిపోయింది. నర్సుల హాస్టల్ల పెట్టే తిండి సంగతి ఏం చెప్పాలె? ఉడికిన ఆలుగడ్డ, ఉడికిన గోబిపువ్వు, ఉడికిన ఇంకేందో. మొదటిరోజు ఉప్పు వేసుడు మర్చిపోయిండ్రేమో అనుకున్న. గప్పటిసంది రోజూ మర్చిపోతనే ఉన్నరు. నువ్వు ఫికర్ చెయ్యకు, మరీ బక్కగ కాలే.

గందుకే పండ్లన్న కొనుక్కుందామని బజారుకు పోయిన. ఇక్కడ సూపర్ మార్కెట్ అని కొత్తతీరు దుకాణం ఉన్నది. మన మిషన్ బడి అంత ఉంటది. తలుపుకాడ ఇనుపతీగల బుట్ట తీసుకొని, ఎవ్వల్నీ అడగకుండ మనకు కావల్సింది మనమే ఏరుకోవాలె. ఆపిల్ పండ్లను నాలుగు నాలుగు మెరిసే పలుచటి కాగితంల చుట్టి, మీద ధర అతికించి పెడతరు. వాసన చూద్దామంటె కాగితం అడ్డం. ఒత్తి చూద్దామంటె కాగితం అడ్డం. చివర్న ఒక పిల్ల మిషిన్ మీద టకటక కొట్టి పైసలు తీసుకుంటది, మన మొఖం సుత చూడది. పోయిన కాడ్నుంచి వచ్చేదాక ఒక్క మాట మాట్లాడకుండ పండ్లు కొన్న చిన్నమ్మా! ఇంటికొచ్చి తింటె పైన రెండు మంచియి, అడుగున రెండు మచ్చలయి.

ధరలు వింటె నీ కండ్లు తిరుగుతయి. ఒక్క సంత్ర ఆరు పెన్నీలు, అంటె మన అయిదు అణాల పైనే. మామిడిపండు ఒక్కటే ఒక్కటి, పత్తిల పండబెట్టిండ్రు, నాలుగు షిల్లింగులు. రెండున్నర రూపాయలు దాటింది! నువ్వు పొద్దంత ఎండల కూసుంటె సుత గంత మిగలది. దాని ముందట నిలబడి, చూసి చూసి, ఉత్త చేతులతోని వచ్చేసిన.

రెండేండ్లే చిన్నమ్మా. చదువు కాంగనె వచ్చేస్త. మంచిర్యాలల మనిద్దరికి ఒక అర్ర, ఒక పొయ్యి. నన్ను రైలెక్కిచ్చేటప్పుడు "నేనేడికి పోత బిడ్డా, ఇక్కడ్నే ఉంట" అన్నవు గద, గా మాట యాదికి తెచ్చుకొని రోజూ రాత్రి పంటున్న. నన్ను కన్న అవ్వ పోయినంక నాకు ఇల్లంటె నువ్వే.

నీ ఎలీస


మంచిర్యాల
1 నవంబర్ 1964

సముద్రమవతల ఉన్న నా బంగారు బిడ్డకు, చిన్నమ్మ ముద్దులు. పాణం పైలం.

నీ జాబు రాంగనె లింగవ్వకు చదివి వినిపిచ్చిన, గదే, నా పక్కపొంటి జామపండ్ల గంప పెట్టుకునే లింగవ్వ. "అడిగేటోడు లేకుంటె జనం పండ్లు సంచిల ఏసుకొని పోరా?" అన్నది. నాకు గా ఫికర్ లేదు. కాగితం మీద ధర రాసిపెట్టిన కాడ నా బిడ్డ పండ్లు కొన్నదా అని నాకు నామోషి అయింది. ధర నోట్లె పుట్టాలె ఎలీసా! వాడొకటి అనాలె, నువ్వొకటి అనాలె. మూగోళ్ల లెక్క కొంటె అడుగున మచ్చలయి పెట్టకుంటె ఏం పెడతరు?

గా ఊళ్లె అంగడి లేదా? ఉండే ఉంటది, వెతుకు. పోయి సగం నుంచి మొదలువెట్టు. పండు చేతుల పట్టుకొని మొఖం చిట్లించు. "నిన్నటిదా ఇది?" అను. ఒప్పుకోకపోతె పండు అక్కడ్నే పెట్టి ఎనుకకు చూడకుండ నడువు. వాడే పిలుస్తడు. మొదటిసారి పిలిస్తె తిరగకు, రెండోసారి పిలిస్తె తిరుగు. కొన్నంక కొసరు అడుగు. కొసరు లేకుండ ఇంటికొస్తె మా అవ్వ నన్ను మళ్ల అంగడికి తోలేది.

ఇంకో మాట. అక్కడి పైసలను మన రూపాయలల్ల లెక్కవెట్టుడు ఇయ్యాల్టి నుంచి బందు చెయ్యి. ఎండల నేను కూసున్నది యాది చేసుకొని నువ్వు పస్తుంటె, నేను కూసుని ఏం ఫాయిదా? తిను.

ఇక్కడ నాగ్‌పూర్ సంత్రలు దిగినయి. ఈసారి ఆశీర్వాదం అని ఆదిలాబాదాయన లారీల తెచ్చి మా గంపలోళ్లకు పోస్తుండు. మన చర్చి సంఘమాయననే. రూపాయికి పన్నెండు అంటడు, ఎంత గీకినా దిగడు. మొండిమనిషి. మాటల సగం మరాటి.

నీ చిన్నమ్మ


బర్మింగ్‌హామ్
22 నవంబర్ 1964

నాకు బేరం నేర్పి నవ్వులపాలు చేసిన చిన్నమ్మకు వందనాలు,

నువ్వన్నది నిజమే, ఇక్కడ సుత అంగడి ఉన్నది. ఊరి నడుమ, మన పెద్దపల్లి అంగడంత. కేకలు, నూకుడు, చెత్త, అన్నీ ఉన్నయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది సంబురంతోని.

ఒక బండికాడికి పోయి సంత్ర చేతికి తీసుకున్న. "ముట్టుకోకు!" అని ఒర్రిండు. ఇక్కడ ముట్టుకోవద్దట. ముందట మంచి మంచియి వరుసగ పేరుస్తరు, అవి చూపుకు. ఎన్క కుప్పల కెల్లి తీసి మనకిస్తరు. నేను నువ్వు చెప్పినట్టే మొఖం చిట్లించి, మూడు పెన్నీలకిస్తవా అన్న. ఆరు అన్నడు. మూడే అన్న. ఆరు అన్నడు. నేను ఎనుకకు చూడకుండ నడిచిన.

పిలవలే, చిన్నమ్మా.

నిమ్మళంగ నడిచిన, ఇంకా నిమ్మళంగ నడిచిన. పిలుస్తడేమో అని చెవులు ఎన్కకే ఉన్నయి. అంగడి దాటి బస్సులుండే సడక్ దాక వచ్చిన. ఎవ్వడూ పిలవలే. మళ్ల పోదామంటె మొఖం చెల్లలే. ఇగ సూపర్ మార్కెటుకే పోయి, గా కాగితం చుట్టినయే కొనుక్కున్న. అక్కడైతె ఓడిపోయినట్టు ఎవ్వలకు తెలువది.

చలి మొదలైంది. చేతులు కొంకర్లు పోతున్నయి.

ఎలీస


మంచిర్యాల
20 డిసెంబర్ 1964

బిడ్డా ఎలీసా,

పిలవలేదా! అయ్యో నా తల్లీ! లింగవ్వ కడుపు పట్టుకొని నవ్వింది. నాకైతె మస్తు కోపమొచ్చింది. పోతున్న ఆడపిల్లను పిలవకుండ ఉంటడా, వాడేం వ్యాపారి? సంత్రలు దింపుకుంటున్న ఆశీర్వాదానికి సుత చదివి వినిపిచ్చిన. ఆయన నవ్వలే. "పరదేశంల ఒక్కతే పోయి బేరం చేసింది, పిల్లకు హిమ్మత్ ఉన్నది" అన్నడు. గది నీకు రాయమన్నడు, రాస్తున్న.

ఓడినమని ఊకోకు. మళ్ల గా బండికాడికే పో. మొఖం గుర్తువడితె ధర మెత్తవడతది. రోజూ వచ్చేటోళ్లకు ఏ దేశంలనైనా ఒక తీరు.

క్రిస్మస్‌కు గుడికి సున్నం ఏసినం. నీ పేరు మీద సంత్రల గంప ఒకటి గుడికి ఇచ్చిన. ఇప్పుడు అగ్గువనే, రూపాయికి పదిహేను.

ఉన్ని బట్టలు రెండు కలిపి ఏసుకో. నువ్వు లేని పండుగ నాకు చప్పగున్నది.

నీ చిన్నమ్మ


బర్మింగ్‌హామ్
17 జనవరి 1965

చిన్నమ్మకు,

నీ మాట నెగ్గింది! గా బండికాడికే ప్రతి శనివారం పోతున్న. ఆయన పేరు ఆర్థర్. ముందుగాల గుర్రుమన్నడు. కొసరు ఇయ్యమని అడిగితె, అదేందని అడిగిండు. మా దేశంల కొన్నంక ఒకటి ఊకెనె ఇస్తరు, ఇయ్యకుంటె మా అమ్మమ్మ తిప్పి పంపుతది అని చెప్పిన. ఎన్క నిలబడ్డోళ్లంత నవ్విండ్రు. ఆర్థర్ సుత నవ్వి ఒక సంత్ర సంచిల ఏసిండు.

పోయిన శనివారం ఆరు పెన్నీలది అయిదుకే ఇచ్చిండు. నిన్న నాలుగుకిచ్చిండు. కొసరు రెండైంది. ఇంకో సంగతి చెప్తె నువ్వు నమ్మవు. ఎన్క కుప్పల కెల్లి కాదు, ముందటి వరుసల కెల్లి తీసి ఇస్తుండు. మచ్చ అన్నది లేదు. సూపర్ మార్కెట్ల గా సంత్ర ఇంకా ఆరే ఉన్నది.

మంచు పడ్డది. చూస్తానికి మంచిగున్నది, నడుస్తానికి లేదు. ఇప్పుడు రోజూ ఒక పండు తింటున్న. నీ మీద ఒట్టు.

ఎలీస


మంచిర్యాల
7 ఫిబ్రవరి 1965

ఎలీసబెతూ,

నీ జాబు లింగవ్వకు చదవలే. ఎవ్వలకు చదవలే. నేనే నాలుగుసార్లు చదువుకున్న.

నేను పెండ్లయిన ఏడు నుంచి పండ్లమ్ముతున్న, నీ చిన్నాయన పోయినంక సుత గదే అమ్మి నిన్ను సాదిన. అమ్మేటోడు ఊకెనె ధర తగ్గియ్యడు. పండు కుళ్లవడితె తగ్గిస్తడు, లేకుంటె మనిషి మీద మనసైతె తగ్గిస్తడు. పండుకు మచ్చ లేదని నువ్వే రాస్తివి. చూపుకు పెట్టిన వరుసల కెల్లి తీసిచ్చుడంటె ఏంది? నేనైతె మా గుడి అయ్యగారికి సుత గా వరుస కదపను. గా వరుస పోతె దుకాణం మొఖం పోతది. వాడు నీ కోసం దుకాణం మొఖమే తీసి సంచిల ఏస్తుండు!

ఎవడు వాడు? ఎంత వయసు? తెల్లోడేనా? దేవుని నమ్మినోడేనా? బిడ్డా, నువ్వు అక్కడ్నే ఉండిపోతవా ఏంది? నువ్వు రాకుంటె నేను గా అర్రల ఎవ్వల కోసం పొయ్యి ముట్టియ్యాలె?

రేపటి నుంచి గా అంగడికి పోకు. సూపర్ మార్కెటే నయం. ధర కాగితం మీద ఉంటది, ఎవ్వడూ మొఖం చూడడు. పిరమైనా సరే. నేనే అన్న అంగడికి పొమ్మని, నా నోరు పడిపోను.

ఇక్కడ అంత మంచిగనే ఉన్నది. సంత్రలు రూపాయికి పద్దెనిమిది. ఆశీర్వాదం నిన్ను అడిగినట్టు రాయమన్నడు. నీ సంగతి ఆయనకు చెప్పలే, మొఖం చూసి "పరేషాన్ ఉన్నవు" అన్నడు గంతె.

జల్ది జవాబు రాయి.

మగ్దలేనమ్మ


బర్మింగ్‌హామ్
28 ఫిబ్రవరి 1965

మా పోలీసు చిన్నమ్మకు,

మొదలు కోపమొచ్చింది. నన్ను గింతేనా ఎరిగింది అనుకున్న. ఎన్క గింత నవ్వొచ్చింది. ఇను.

ఆర్థర్‌కు డెబ్బై దగ్గరికొచ్చినయి. ఆయన మనుమరాండ్లు నా కన్న పెద్దోళ్లు. ఆయన పెండ్లాం నడుము ఇరిగి మా వార్డుల పండుకున్నది. క్రిస్మస్ సంది ఆమెకు తానం పోసేది, తల దువ్వేది నేనే. ఒకనాడు ఆమెను చూస్తానికి వచ్చి నన్ను గుర్తువట్టిండు. గప్పటి నుంచి ధర దిగింది. నేను జాబుల గా ముచ్చట రాయకపోవుడు నా తప్పే, నీకు బేరం గెలిచిన అని గొప్పలు చెప్పుకుందామనుకున్న. నువ్వు పొమ్మన్నా పోవద్దన్నా నేను గా అంగడికే పోత. అక్కడ నన్ను పేరు పెట్టి పిలుస్తరు.

ఇప్పుడు నువ్వు కూసో. నీ మాట నీకే అప్పజెప్తున్న. నీ జాబులన్ని తీసి పక్కపక్కన పెట్టుకున్న. నవంబర్ల సంత్రలు పన్నెండు. ఎంత గీకినా దిగడు, మొండిమనిషి. డిసెంబర్ల పదిహేను. ఫిబ్రవరిల పద్దెనిమిది! ఎండలు మొదలైనంక సంత్ర రేటు ఎక్కాలె గని దిగుతదా? నేను నీ గంప పక్కన పెరిగిన చిన్నమ్మా, నాకు తెలువదా? లింగవ్వకు సుత పద్దెనిమిదేనా, నీకు ఒక్కదానికేనా? నా జాబులు ఆయనకు ఎందుకు చదివి వినిపిస్తున్నవు? నీ మొఖం చూసి పరేషాన్ ఉన్నవని ఆయనకెట్ల ఎర్కాయె?

పండు కుళ్లవడ్డదా, మనిషి మీద మనసైందా? నిజం రాయి.

నీ బిడ్డ ఎలీస


మంచిర్యాల
21 మార్చి 1965

ఎలీసా, నా తల్లీ,

పట్టుకున్నవు. సిగ్గుతోని ఈ జాబు మూడు దినాల సంది రాస్తున్న.

లింగవ్వకు పదమూడే ఇస్తడట. నేను అడిగి తెలుసుకున్న, నీ జాబు వచ్చినంక. అంతకుముందు నా నెత్తికి తట్టలే. అందరికి గంతే అనుకున్న. ఒకరి ధర చూసి మనసు చెప్పిన దాన్ని, నా గంపల సంగతి నాకే తెలువలే చూడు!

ఆశీర్వాదం భార్య పోయి ఆరేండ్లయింది. పిల్లలు లేరు. జనవరిల వాన పడ్డప్పుడు తన లారీ మీది తాడిపత్రి గుంజి మా గంపల మీద కప్పిండు, తన సంత్రలు తడిసిపోయినయి. నాతోని ఏమనలే. లింగవ్వను పక్కకు పిలిచి నన్ను పెండ్లి చేసుకుంటనని అడిగిండట. నాకు నలభై రెండేండ్లు, ఈ వయసుల పెండ్లేంది, జనం నవ్వుతరు అన్న. "నవ్వెటోళ్లు నీకు ఇంత అన్నం పెడుతున్నరా?" అని లింగవ్వ నా మీదనే ఒర్రింది. నిజం చెప్పాల్నంటె బిడ్డా, నాకు గాయన మంచిగనిపిస్తుండు. లారీ సప్పుడైతె తల ఎత్తుతున్న.

గని ఒక్కటున్నది. ఆయన ఇల్లు ఆదిలాబాదుల. పెండ్లయితె నేను మంచిర్యాల ఇడిచి పోవాలె. నీకు మాటిచ్చిన, ఏడికి పోను, ఇక్కడ్నే ఉంట అని. నువ్వు గా మాట పట్టుకొనే అక్కడ పంటున్నవు. నేను తప్పితె నీకు ఇల్లేది?

అయ్యగారు ఈస్టర్ ఎల్లినంక పెండ్లికి ముందటి రివాజు లెక్క మూడు ఆదివారాలు గుళ్లె మా పేర్లు చదువుతనన్నడు. గా లోపల నీ జాబు రావాలె. నువ్వు సరే అంటె సరే. వద్దంటె వద్దు, మళ్ల గా ముచ్చట తియ్యను. నీ మీద కోపం సుత పెట్టుకోను.

నీ చిన్నమ్మ


మంచిర్యాల
10 మే 1965

ఎలీసా,

నీకు జరమొచ్చిందా? పాణం మంచిగున్నదా? లేకుంటె నా మీద అలిగినవా? ఏప్రిల్ అంతా టపా ఆయన ఎన్క తిరిగిన. నన్ను చూస్తె సైకిల్ మర్లేసుకొని పోతుండు.

మొదటి ఆదివారం పేర్లు చదివిండ్రు. రెండో ఆదివారం చదివిండ్రు. నిన్న మూడోది. గుడి నిండ జనం. ఆదిలాబాదు నుంచి ఆశీర్వాదం అక్కాబావలు సుత వచ్చి కూసున్నరు. అయ్యగారు మా ఇద్దరి పేర్లు చదివి, "వీరిని జతపరచుటకు ఎవరికైనను అభ్యంతరమున్న యెడల ఇప్పుడే చెప్పవలెను" అన్నడు. గిది ఊకునేదే గద, ఎవ్వలు లేస్తరు?

నేను లేచిన.

ఎట్ల లేచిన్నో నాకే తెలువది. "అయ్యగారూ, నాకున్నది" అన్న. గుడి గుడంత నా దిక్కు మర్రింది. ఆయన కండ్లద్దాలు తీసి, "మగ్దలేనమ్మా, నువ్వు పెండ్లిపిల్లవు" అన్నడు. "అయితె ఏంది అయ్యగారూ, నా బిడ్డ జవాబు రాలే. అది సరే అనేదాక నేను ఏడికి కదల" అన్న. ఆశీర్వాదం అక్క ముక్కు మీద ఏలేసుకున్నది. పిలగాండ్లు కిసకిస నవ్విండ్రు. నేను కూసోలే.

అప్పుడు మొగోళ్ల దిక్కుకెల్లి ఆశీర్వాదం లేచిండు. తిట్టుకుంట ఎల్లిపోతడనుకున్న. "బిడ్డ జవాబు వచ్చేదాక ఆగుదాం, నాకేం తొందర లేదు" అని మళ్ల కూసున్నడు. అయ్యగారు పుస్తకం మూసి కీర్తన ఎత్తుకున్నడు.

నేను చేసింది తప్పా, ఒప్పా? ఊరంత నా ముచ్చటనే. నువ్వు కోపంల ఉన్నా ఒక్క ముక్క రాయి. బాగున్న అని రాయి చాలు. మిగతాది నాకొద్దు.

చిన్నమ్మ


బర్మింగ్‌హామ్
18 మే 1965

చిన్నమ్మా,

నాకు జరం లేదు, ఏం లేదు. మంచిగున్న. ముందుగాల గది రాస్తున్న, నువ్వు ఊపిరి తీసుకో.

నీ మార్చి జాబుకు నేను జవాబులు రాసిన. ఒకటి కాదు. నాకు కోపం లేదు అని రాసిన, అది అబద్ధం, చింపిన. మస్తు సంబురంగ ఉన్న అని రాసిన, అది సుత సగం అబద్ధం, చింపిన. వద్దు అని సుత ఒకటి రాసిన. టికెట్ అతికించి పోస్టు డబ్బా దాక పోయి, చెయ్యి రాక తిరిగొచ్చిన. నీకు సంత్రల రేటు గురించి గంత నవ్వుకుంట రాసిన దాన్ని, నిజమని తెలిసేసరికి నా కాళ్ల కింద నేల పోయింది. మన అర్రల ఇద్దరమే ఉన్నట్టు రోజూ అనుకున్న. ఆదిలాబాదుల మీ ఇంటికి నేను చుట్టం లెక్క వస్తనేమో, నా చెంబు, నా సాప ఏడ పెడతరో అని ఏడ్చిన. నువ్వు నాకు అవ్వవైనంక మళ్ల ఒకలకు పెండ్లామైతె, నేనేమైత అని భయమైంది. నీతోని కాకుంటె ఎవ్వలతోని చెప్పుకుంట?

నిన్న నీ జాబు వార్డు తలుపుకాడ నిలబడి చదివిన. నువ్వు లేచిన కాడికి వచ్చేసరికి ఇగ ఆగలే. మా వార్డు పెద్దనర్సు ఉరికొచ్చి, ఇంటికాడ ఎవలన్న పోయిండ్రా అని అడిగింది, గంతగనం ఏడ్చిన. లేదు, మా చిన్నమ్మ పెండ్లి అన్న. ఆమెకు ఏం సమజ్ కాలే.

సంఘమంత చూస్తుండంగ, ఆయన చుట్టాల ముందట, నా కోసం లేచి నిలబడ్డవు. నేను దగ్గర లేను, జవాబు రాయలే, అలిగి కూసున్న. అయినా నిలబడ్డవు. ఇగ నాకు ఇల్లు లేదని ఎట్ల అంట? నువ్వు మంచిర్యాలల ఉంటె మంచిర్యాలకొస్త, ఆదిలాబాదుల ఉంటె ఆదిలాబాదుకొస్త. నువ్వేడ పొయ్యి ముట్టిస్తె గాడికొస్త.

తొందర లేదన్నడు చూడు ఆయన, గా మాట నాకు నచ్చింది. నీ ఎన్క లేచి నిలబడ్డడు చూడు, గది ఇంకా నచ్చింది. ఆయనకు నా వందనాలు చెప్పు. నా తరుపున నిన్ను మంచిగ చూసుకొమ్మని చెప్పు, లేకుంటె నేను వస్త.

ఈ జాబు అయ్యగారి చేతికియ్యి. నాలుగో ఆదివారం మీ పేర్లు ఇంకోసారి చదివి, అభ్యంతరం ఎవ్వలకన్న ఉన్నదా అని మళ్ల అడుగుమను.

ఈసారి నువ్వు లేవకు.

నీ బిడ్డ
ఎలీసబెతు